స్నో చైన్లు బండిలో ఎక్కడ పెట్టాలి: సంచా, బకెట్టా, స్టెప్నీ మీదా?

ఫోర్ బై ఫోర్ (ఫోర్ వీల్ డ్రైవ్) బండి ఉన్నవాళ్లకి స్నో చైన్లు, అంటే మంచు మీద జారకుండా టైర్లకి వేసే గొలుసులు, ఓ వింత సామాను. వాడేది ఏ రెండు మూడేళ్లకో ఒకసారి, మోసేది మాత్రం చలికాలం పొడుగునా. మా ఇంట్లో నవంబరులో బండెక్కిన చైన్లు ఏప్రిల్లో గానీ దిగవు. అన్ని నెలలు బండిలో ఉండే 11 కిలోల ఇనుముకి సరైన చోటు చూడకపోతే అది కాళ్లకి అడ్డం పడుతుంది, మలుపుల్లో గలగలమంటుంది, తుప్పు పడుతుంది. తీరా కావలసిన రోజున చేతికి అందదు.

వాడనప్పుడు మోయడం ఎందుకంటే, మోయమని రూలు ఉంది కాబట్టి. శాన్ ఫ్రాన్సిస్కో బే ఏరియాలో ఉండే తెలుగువాళ్లం మంచు చూడాలంటే ఎక్కువగా వెళ్లేది టాహో సరస్సు కొండలకి. ఐ-80 మీద గానీ, హైవే 50 మీద గానీ 7,000 అడుగులు దాటి ఎక్కాలి. కాలిఫోర్నియాలో చైన్ కంట్రోల్‌కి, అంటే మంచు పడ్డప్పుడు చైన్లు వేయమనే ఆంక్షకి, మూడు స్థాయులున్నాయి: ఆర్-1, ఆర్-2, ఆర్-3. ఆర్-2 నడుస్తున్నా, నాలుగు చక్రాలకీ స్నో టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండిని చైన్లు వేయకుండానే పోనిస్తారు. కానీ చైన్లు బండిలో ఉండి తీరాలి. ఆర్-3 వస్తే ఎవరికీ మినహాయింపు లేదు, అయితే అంతవరకూ వచ్చేసరికి చాలాసార్లు రోడ్డే మూసేస్తారు. ఇలా వేయడం కంటే మోయడమే ఎక్కువైనా, మనలాంటివాళ్లు చైన్లు కొనేటప్పుడు ‘ఎలా వేయాలి’ అని ఆలోచించినంతగా ‘ఎక్కడ పెట్టాలి’ అని ఆలోచించరు. నేనూ ఆలోచించలేదు.

ఫలితం ఐ-80 మీద న్యాక్ అనే చోట తెలిసింది. ఆర్-2 నడుస్తోంది, మాది ఫోర్ బై ఫోర్ కదా అని ధీమాగా క్యూలో ఉన్నాను. చెక్ పాయింట్ దగ్గర మనిషి టార్చి వేసి టైర్లు చూసి తల అడ్డంగా ఊపాడు. స్నో టైరు అనిపించుకోవాలంటే ట్రెడ్ (టైరు మీది గాడుల) లోతు కనీసం అంగుళంలో 32వ వంతులు ఆరు ఉండాలి. మావి అరిగిపోయాయి. తప్పు నాదే. పక్కకి ఆపి డిక్కీ తెరిస్తే చైన్లు అన్నిటికంటే అడుగున ఉన్నాయి. వాటి మీద రెండు సూట్‌కేసులు, కూలర్, పిల్లల స్లెడ్, రైస్ కుక్కర్, పులిహోర డబ్బా. బరువైనవి కింద పెట్టాలన్న తెలివితో నేనే సర్దాను. ఒక్కొక్కటీ తీసి మంచులో పెడుతుంటే మా ఆవిడ కిటికీ దించి, “పులిహోర మాత్రం కింద పెట్టకండి, గడ్డకట్టిపోతుంది” అంది. చైన్లు తీయడానికే ఇరవై నిమిషాలు పట్టింది. వేయడానికి పట్టిన సమయం ఇక్కడ రాయను.

ముందు తలుపుల సంగతి

ఖాళీ ఎక్కడుందా అని వెతక్కండి, రోడ్డు పక్కన ఆగినప్పుడు ఏ తలుపు తెరవగలరా అని చూడండి. కొనబోయే పెట్టె, సంచి అన్నీ దాని తరవాతే.

అమెరికాలో ఆగేది కుడి పక్కన. ఎడమవైపు ట్రాఫిక్ పోతూంటుంది, మంచులో ఆ బండ్లు కూడా జారుతుంటాయి. కాబట్టి ఎడమ తలుపులు లేవనే అనుకోవాలి. వెనక తలుపు సంగతి బండిని బట్టి. జీప్ రాంగ్లర్‌ది పక్కకి తెరుచుకునే తలుపు, బందులు కుడివైపు ఉంటాయి. తెరిచిన తలుపు రోడ్డు అంచు వైపు అడ్డంగా నిలబడుతుంది, మనం ట్రాఫిక్ వైపు నుంచి చెయ్యి పెట్టాల్సివస్తుంది. పైగా అది తెరుచుకోవడానికి వెనక జాగా కావాలి. మంచు దిబ్బలోకి రివర్స్‌లో దిగబడిపోయిన బండికి ఆ జాగా ఎక్కడిది? టొయోటా ఫోర్‌రన్నర్‌ది పైకి లేచే తలుపు, దానికి ఆ ఇబ్బంది తక్కువ. ఇంకో సుఖం కూడా ఉంది, దాని వెనక అద్దం బటన్ నొక్కితే కిందికి దిగుతుంది. సామాను పైవరసలో ఉన్నది తలుపు తెరవకుండానే అందుకోవచ్చు. అయితే అద్దం అంచున మంచు గట్టిపడితే బటన్‌ని నమ్ముకోలేం.

అన్నీ కలిపి చూస్తే ఎప్పుడూ భయం లేకుండా తెరవగలిగేవి కుడి పక్కవే, ముందు ప్యాసింజర్ తలుపు, దాని వెనక తలుపు. నా లెక్కలో వెళ్లేటప్పుడు చైన్ల చోటు అక్కడే: ముందు ప్యాసింజర్ సీటు వెనక, కాళ్లు పెట్టుకునే గుంటలో.

కాళ్లకి అడ్డం కదా అంటారు. అక్కడ కార్ సీటులో కూర్చునే పిల్లో పిల్లాడో ఉంటే వాళ్ల కాళ్లు ఎలాగూ నేలకి అందవు. పెద్దవాళ్లయితే కొంచెం సర్దుకోవాలి. మా అత్తగారు వచ్చినప్పుడు చైన్ల సంచి మీద దుప్పటి మడిచి వేశాం, కాళ్లపీట అయింది.

ఈ చోటుకి ఇంకో లాభం ఉంది. గంటకి 50 కిలోమీటర్ల వేగంలో ఉన్న బండి దేన్నో గుద్దుకుని అర మీటరు దూరంలో ఆగిపోయిందనుకోండి. లోపలి ప్రతి వస్తువూ తన బరువుకి సుమారు ఇరవై రెట్ల బలంతో ముందుకి తోస్తుంది. 11 కిలోల చైన్లు 200 కిలోలు దాటతాయి. డిక్కీలో కట్టకుండా పడేసిన చైన్ల డబ్బా వెనక సీటు మీదుగా ఎగిరి వస్తే ఎవరి తలకి తగులుతుందో చెప్పక్కర్లేదు. సీటు వెనక గుంటలో ఉన్నది అప్పటికే సీటుకి ఆని ఉంటుంది, ఎగరడానికి దానికి దూరం లేదు.

ఎందులో పెట్టాలి

కొన్నప్పుడు చైన్లతోపాటు వచ్చే ప్లాస్టిక్ పెట్టె గురించి ముందు చెప్పేస్తాను: పారేయండి. ఫ్యాక్టరీలో మడిచిన చైను అందులో పడుతుంది. మనం రోడ్డు మీద మడిచినది పట్టదు. ఇది మన చేతగానితనం కాదు, తడిసి బురద పట్టిన చైను కొత్తదానిలా ఒదగదు. చలికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి గొళ్లెం విరుగుతుంది. గ్లవ్స్ వేసుకున్న చేత్తో ఆ చిన్న గొళ్లెం తీయడం ఇంకో నరకం.

నాకు బాగా నచ్చింది మందపాటి కాన్వాస్ సంచి, ఒకటి కాదు రెండు. ఒక్కో చైనుకి ఒక్కో సంచి. 11 కిలోలని రెండుగా పంచితే ఒక్కోటీ ఐదున్నర కిలోలు, ఒంటి చేత్తో ఎత్తొచ్చు. చైన్లు ఒకదానిలో ఒకటి చిక్కుపడవు. కుడి చక్రం దగ్గర ఒకటి, ఎడమ చక్రం దగ్గర ఒకటి పెట్టుకుని పని మొదలుపెట్టొచ్చు. సంచి మెత్తన కాబట్టి సీటు వెనక గుంటలో ఒదుగుతుంది, గలగలమనదు. కొనేటప్పుడు జిప్పు ఉన్నది వద్దు. ఉప్పు, ఇసుక పట్టి జిప్పు బిగుసుకుపోతుంది, తడిసి గడ్డకడితే అసలే కదలదు. నాడా లాగి బిగించే సంచి మేలు. అడుగున నీళ్లు కారడానికి కంతలుంటే ఇంకా మేలు, లేకపోతే రెండు కంతలు పొడిపించి రింగులు వేయించండి. అయితే కంతలున్న సంచిలో తడి చైన్లు పెట్టి కారు లోపల పెడితే కార్పెట్టు గతి ఏమిటో మీరే ఊహించుకోండి. దాని సంగతి తరవాత చెబుతాను.

హార్డ్‌వేర్ షాపులో దొరికే ఐదు గ్యాలన్ల బకెట్టు, అంటే 19 లీటర్లది, ఆఫ్‌రోడ్ వాళ్లు చాలామంది వాడతారు. చవక, గట్టిది. మామూలు నొక్కుడు మూత చలిలో రానే రాదు, తిప్పే మూత విడిగా కొనుక్కోవాలి. ఇందులో ఒక మంచి కిటుకు ఉంది. రెండు బకెట్లు తీసుకుని ఒకదాని అడుగున కంతలు పెట్టి రెండోదానిలో దించండి. లోపలి బకెట్టు పూర్తిగా అడుక్కి దిగదు, కింద నాలుగు వేళ్ల మందం ఖాళీ ఉంటుంది. తడి చైన్ల మీది మంచు కరిగి నీళ్లు అక్కడికి చేరతాయి, చైన్లు నీళ్లలో నానవు. ఇంటికొచ్చాక అదే బకెట్లో వేణ్ణీళ్లు పోసి ఉప్పు కడిగేయొచ్చు. లోపం ఒకటే, గుండ్రంగా ఉంటుంది. కట్టకపోతే దొర్లుతుంది, కడితే తాడు జారుతుంది. చేతి కడ్డీలోంచి పట్టీ దూర్చి డిక్కీలో ఉండే రింగులకి బిగించాలి.

మిలిటరీ తూటాల ఇనుప డబ్బాలు చూడ్డానికి జీపుకి సరిగ్గా నప్పుతాయి. ఆ మోజులో నేనూ ఒకటి కొన్నాను. మామూలుగా దొరికే .50 క్యాలిబర్ డబ్బాలో సుమారు ఏడు లీటర్ల చోటు ఉంటుంది. సన్నటి కేబుల్ చైన్లయితే జత పడుతుంది. 33 అంగుళాల టైరుకి వేసే ఇనుప చైనయితే ఒక్కటి పడితే గొప్ప. అసలు తంటా మూతకున్న రబ్బరు పట్టీతో. బయటి తడి లోపలికి రానివ్వకపోవడం దాని గొప్ప, లోపలి తడిని బయటికి పోనివ్వకపోవడం దాని శాపం. తడిగా పెట్టి వారం మర్చిపోతే ఎర్రగా తీస్తారు. పొడి చైన్లని అందులో పెట్టి ఆరు నెలలు ముట్టుకోననేవాళ్లకి మాత్రం అంతకంటే మంచి డబ్బా లేదు.

పాల క్రేటులాంటి కంతల ట్రేలు పికప్ వెనక తొట్టికి సరిపోతాయి. మూసిన బండిలో మోత భరించలేం.

బయట వేలాడదీస్తే?

పెద్ద ట్రక్కులవాళ్లు ఛాసిస్‌కి కొక్కేలు బిగించి చైన్లు వేలాడదీస్తారు. వాళ్లకది సరైన పద్ధతే. వాళ్ల చైన్లు చలికాలమంతా రోడ్డుకి రాసుకుంటూనే ఉంటాయి, తుప్పుకి కుదురుగా కూర్చునే తీరిక దొరకదు. ఏడాదంతా వాడని మన చైన్లు రోడ్డు మీది ఉప్పునీళ్లు తాగుతూ బయట వేలాడితే, అవసరమయ్యేసరికి కొక్కేలు కూడా తిరగవు.

స్టెప్నీ వెనక తలుపు మీదున్న బండ్లకి, దాని మీద తొడిగే పెద్ద కాన్వాస్ బ్యాగులు దొరుకుతాయి. చెత్త, తడి బరకం, బురద తాళ్లు లాంటి మురికి సామాను లోపలికి తేనక్కర్లేకుండా చేస్తాయి కాబట్టి మంచివే. కొత్త రాంగ్లర్లకి రివర్స్ కెమెరా స్టెప్నీ మధ్యలో ఉంటుంది, బ్యాగు కొంటే కెమెరాకి కంత ఉన్నదే కొనండి. ఎక్కువ కుక్కితే పైనున్న బ్రేక్ లైటు కూడా మూసుకుపోతుంది. వెళ్లేటప్పుడు మాత్రం చైన్లు ఇందులో వద్దంటాను. పరిగెత్తే బండి వెనక గాలి సుళ్లు తిరిగి చక్రాలు చిమ్మిన మంచునీ బురదనీ వెనక తలుపుకే తెచ్చి కొడుతుంది. కొండ ఎక్కేసరికి బ్యాగు మీద రెండంగుళాల గట్టి పెంకు ఉంటుంది. పట్టీలు గడ్డకట్టి ఉంటాయి. దొంగల భయం సరేసరి.

రూఫ్ ర్యాక్ గురించి అందరూ చెప్పేది, బరువు పైకి పోతే బండి ఊగుతుందని. ఒక జత చైన్లకి ఆ మాట కొంచెం పెద్దదే. రెండు టన్నుల బండికి 11 కిలోలు లెక్కలోకి రాదు. నాలుగు చక్రాలకీ చైన్లు మోసే ట్రెయిల్ మనుషులకి, అంటే 22 కిలోలు పైన పెట్టేవాళ్లకి, ఒరుగు దారుల్లో తేడా తెలుస్తుంది. నాకు రూఫ్ నచ్చనిది వేరే కారణానికి. గాలివానలాంటి మంచులో, తడి బూట్లతో టైరెక్కి నిలబడి, తలకంటే పైన గడ్డకట్టిన తాళం తీసి, బరువైన ఇనుము కిందికి దించడం నలభై దాటినవాడు చేయాల్సిన పని కాదు.

హిచ్‌కి తగిలించే ట్రేలు ఆఫ్‌రోడ్‌లో నేలకి గీసుకుంటాయి. అక్కడితో వాటి కథ అయిపోయింది.

వెళ్లేటప్పుడు ఒక చోటు, వచ్చేటప్పుడు ఇంకో చోటు

చైన్లకి ఒక్క శాశ్వత స్థానం వెతకడమే మొదటి పొరపాటు అని నాకు అర్థమవడానికి రెండు చలికాలాలు పట్టింది. పొడి చైన్లూ తడి చైన్లూ రెండు వేరు వేరు సామాన్లు. పొడివి శుభ్రంగా, మడిచి, చేతికి దగ్గర్లో ఉండాలి. తడివి దగ్గర్లో ఉండనక్కర్లేదు, అప్పటికి వాటితో పని అయిపోయింది. వాటికి కావలసింది నీళ్లు కారిపోయే చోటు, కార్పెట్టుకి దూరం.

అందుకని ఇప్పుడు నా పద్ధతి ఇది. వెళ్లేటప్పుడు రెండు కాన్వాస్ సంచులు ప్యాసింజర్ సీటు వెనక. ఖాళీ జోడు బకెట్టు డిక్కీలో తలుపు పక్కనే, రింగుకి కట్టి. దానిలో స్లెడ్ తాళ్లో, పిల్లల బూట్లో పెట్టుకోవచ్చు, చోటు వృథా కాదు. ‘ఎండ్ చైన్ కంట్రోల్’ బోర్డు దాటాక సురక్షితమైన చోట ఆపి చైన్లు తీసి బకెట్లో పడేస్తాను. మడవను, దులపను, చలిలో ఆ ఓపిక ఎవరికుంటుంది. స్టెప్నీ బ్యాగున్న జీపువాళ్లు ఆ బకెట్టు పని బ్యాగుతోనే చేయించుకోవచ్చు, దానికి ఆ పని బాగా వచ్చు.

ఇంటికొచ్చిన రాత్రే కాకపోయినా మర్నాడైనా కడగాలి. ఉత్త మంచునీళ్ల కంటే రోడ్డు మీద చల్లే ఉప్పే తుప్పుని త్వరగా పట్టిస్తుంది. వేణ్ణీళ్లతో కడిగి, గరాజులో మేకుకి వేలాడదీసి, పూర్తిగా ఆరాక కొక్కేల మీద కాస్త నూనె స్ప్రే చేస్తే చాలు. వేలాడి ఉన్నప్పుడే మెలికలు విప్పేయండి. అలాగే దించుతూ సంచిలోకి పోగు చేసి, ముందుగా చేతికి కావలసిన కొస పైకి ఉంచి, దానికి రంగు గుడ్డపీలిక కట్టండి. చీకట్లో, టార్చి వెలుగులో ఆ ఎర్రపీలిక కనపడితే ఎంత ప్రాణం లేచి వస్తుందో.

చైన్లతోపాటు అదే సంచిలో ఉండాల్సినవి కొన్ని ఉన్నాయి. రబ్బరు పూత ఉన్న గ్లవ్స్ (ఉన్నివి రెండు నిమిషాల్లో తడుస్తాయి), తలకి పెట్టుకునే లైటు, బిగించే రబ్బరు పట్టీలు, మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాట్ ముక్క. ఇవి ‘టూల్స్’ పెట్టెలో విడిగా ఉంటే మళ్లీ రైస్ కుక్కర్ కింద వెతుక్కోవడమే. రోడ్డు పక్కన నంబరు ఉన్న జాకెట్లు వేసుకుని డబ్బులకి చైన్లు వేసిపెట్టేవాళ్లు ఉంటారు, కానీ వాళ్లు చైన్లు అమ్మరు, అద్దెకీ ఇవ్వరు. వాళ్లకి ఇద్దామన్నా ముందు మీవి బయటికి రావాలి.

చైను రకమే మార్చేస్తే?

బరువు, జాగా గొడవంతా ఇనుప చైన్లతోనే. కేబుల్ రకం జత నాలుగైదు కిలోల్లో తేలుతుంది. గుడ్డతో చేసిన టైరు తొడుగులైతే చెప్పుల పెట్టంత చోటు చాలు, గలగలా లేదు, తుప్పూ లేదు. ప్లో చేసిన (మంచు తోసేసిన) రోడ్డు మీదే తిరిగి, రూలు కోసం మోసేవాళ్లు ఇనుము మోయడం అనవసరం. తొడుగులు కొనేముందు మీరు వెళ్లే రాష్ట్రంలో అవి చెల్లుతాయో లేదో చూసుకోండి. అడవి దారుల్లోకి, క్యాబిన్లకి వెళ్లేవాళ్లకి మాత్రం ఇనుమే. రాళ్లు తగిలితే గుడ్డ చిరుగుతుంది, కేబుల్ తెగి చక్రం లోపల బ్రేకు గొట్టానికి చుట్టుకుంటే అది వేరే కథ.

హైదరాబాదు నుంచి థార్, జిమ్నీ వేసుకుని మనాలి వెళ్లే మిత్రులు ఇదే అడుగుతుంటారు. మంచు పడ్డ రోజుల్లో సోలాంగ్ నుంచి అటల్ టన్నెల్ వైపు ఫోర్ బై ఫోర్లనీ, చైన్లున్న బండ్లనీ మాత్రమే వదులుతుంటారు కాబట్టి సమస్య ఒకటే. చోటు మాత్రం ఇంకా తక్కువ. జిమ్నీలో వెనక సీట్లు ఎత్తి ఉంటే డిక్కీ 208 లీటర్లే. మూడు తలుపుల థార్‌లో వెనక సీటుకి పక్క తలుపులే లేవు, కాబట్టి సీటు వెనక గుంట పనికిరాదు. ముందు ప్యాసింజర్ కాళ్ల దగ్గరే పెట్టుకోవాలి. మనకి అక్కడ రోడ్డు అంచు ఎడమవైపు, ప్యాసింజర్ తలుపూ ఎడమవైపే, లెక్క సరిపోతుంది. ఆ ఒక్క ట్రిప్పు కోసం హైదరాబాదు నుంచి మోసుకెళ్లడం కంటే మనాలిలో అద్దెకి తీసుకోవడం నయం, సైజు మాత్రం అక్కడే ఒకసారి టైరుకి వేసి చూసుకోవాలి.

సైజు అంటే గుర్తొచ్చింది. మన ఆఫ్‌రోడ్ వాళ్లకి టైర్లు పెంచే జబ్బు ఉంది. పాత ఫోర్‌రన్నర్లలో చాలావాటితో వచ్చిన 265/70 ఆర్17 తీసేసి 285/70 ఆర్17 వేయిస్తే చక్రం ఎత్తు అంగుళానికి పైగా పెరుగుతుంది. పాత చైన్లు పొడవు చాలక కొస దగ్గర ఆగిపోతాయి. కొత్త టైర్లు వేయించిన రోజే చైన్ల సంచి తీసి, ఇంటి ముందు ఎండలో, పొడి నేల మీద ఒకసారి వేసి చూడండి. సరిపోతే సంచి మీద మార్కర్‌తో ఆ సైజు పెద్దగా రాయండి. సరిపోకపోతే ఆ జత పాత టైర్లతోపాటే అమ్మేయండి.